లెఫ్ట్ గార్డ్ ఎవరు?

ఇది 2025 జులైలో రాస్తున్నాను. పోయిన శనివారం ఆస్టిన్ దగ్గర లియాండర్‌లో తెలిసినవాళ్ళ గృహప్రవేశం. తెల్లవారుజామునే పాలు పొంగించేశారు, పదకొండున్నరకల్లా భోజనాలయ్యాయి. పన్నెండయ్యేసరికి మగాళ్ళంతా గ్యారేజీలో చేరారు. ఆస్టిన్ జులై ఎండ, లోపల రెండు పెడెస్టల్ ఫ్యాన్లు, ఐసు కరిగిపోయిన కూలర్లో కోక్ డబ్బాలు. మా వాడికి మజ్జిగ ఇద్దామని వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. మాట లాంగ్‌హార్న్స్ మీదికి, అంటే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ (యూటీ) అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ మీదికి మళ్ళింది మరి.

ఇంటాయన తమ్ముడు యూటీలో చదివిన కుర్రాడు. వరసపెట్టి అందర్నీ అడుగుతున్నాడు. "నెలాఖరుకి క్యాంప్, అదే సీజన్ ముందు ప్రాక్టీసు, మొదలవుతుంది. ఈ టీమ్ గురించి మీకున్న పెద్ద ప్రశ్న ఏంటి? ఒక్కటే చెప్పాలి." తొమ్మిది మందిలో ఏడుగురు కొత్త క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఆర్చ్ మానింగ్ పేరే ఎత్తారు. అతను నిజంగా అంతటివాడేనా, బాబాయిల పేరు చెప్పుకుని నెట్టుకొస్తున్నాడా, కాలేజీ ఆటగాళ్ళలో మేటికిచ్చే హైస్మన్ వస్తుందా, ఏడాది చివర ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళిపోతాడా. ఎనిమిదో ఆయన కికర్ గురించి అడిగాడు. తొమ్మిదో ఆయన కొత్తగా హైదరాబాద్ నుంచి వచ్చాడు, చేత్తో ఆడేదాన్ని ఫుట్‌బాల్ అని ఎందుకంటారో ముందు అది చెప్పమన్నాడు.

"అక్కా, నువ్వు?" అన్నాడు కుర్రాడు, మర్యాదకి.

"లెఫ్ట్ గార్డ్ ఎవరు?" అన్నాను.

ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గ్యారేజీ అంతా నవ్వు. "మీ వాడు గార్డ్ కాబట్టి నీకు లోకమంతా గార్డులే కనబడతారు" అన్నాడు మా ఆయన, అందరికంటే ముందు. ఇంటికొచ్చి నాలుగు రోజులైనా ఆ నవ్వు మర్చిపోలేకపోతున్నాను. అందుకే ఈ పోస్టు. తెలియనివాళ్ళకి ఒక్క మాట: క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అతన్ని కాచే ఐదుగురిని లైన్ అంటారు. మధ్యవాడు సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, రెండు చివర్లా టాకిల్స్.

పక్షపాతం సంగతి

అవును, ఉంది. మావాడు వచ్చే నెల తొమ్మిదో తరగతిలోకి వెళ్తాడు. ఏడో తరగతిలో ఫుట్‌బాల్‌లో చేరతానన్నప్పుడు వద్దని వారం రోజులు ఏడ్చింది నేనే. అప్పటికే నేను పదిహేడేళ్ళకు పైగా లాంగ్‌హార్న్స్ అభిమానిని. 2005 ఆగస్టులో ఎమ్మెస్‌కి ఆస్టిన్ వచ్చాను. ఆట అర్థం కాకుండానే 2006 జనవరి 4 రాత్రి మా క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ నాలుగో డౌన్‌లో, అంటే చివరి ప్రయత్నంలో, ఇంకా 19 సెకన్లుండగా, గీత దాటి ఎండ్‌జోన్‌లోకి పరుగెత్తడం చూశాను. జాతీయ ఫైనల్లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) మీద 41-38తో గెలిచాం. ఆ రాత్రి గ్వాడలూప్ వీధి మీద హారన్లు ఆగలేదు. కావి రంగు టీషర్టులేసుకున్న ముక్కూమొహం తెలియనివాళ్ళు నన్ను వాటేసుకున్నారు. అంతకుముందెప్పుడూ ఈ దేశంలో నన్నెవరూ అలా వాటేసుకోలేదు. ఇరవై ఏళ్ళవుతోంది, టెక్సస్ మళ్ళీ జాతీయ చాంపియన్ కాలేదు, నేను మాత్రం అభిమానిగా మిగిలిపోయాను.

ఇన్నేళ్ళలో ఆ రాత్రి విన్స్ యంగ్ ముందు నిలబడ్డ ఐదుగురు ఎవరో ఒక్కసారీ అడగలేదు. సొంత కొడుకు ఆ ఐదుగురిలో ఒకడయ్యేదాకా బంతినే చూశాను.

పోయిన ఏడాది రెండు మ్యాచ్‌లు చెప్తాను. మొదటిదానిలో మా స్కూల్ పిల్లవాడొకడు బంతితో నలభై గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. స్టాండ్స్ అంతా లేచి అరుస్తోంది. నేను మావాణ్ణి చూస్తున్నాను. వాడు ఎదుటి టీమ్ పిల్లవాణ్ణి పక్కకి రెండడుగులు నెట్టి, వాడితో పాటు తనూ కూలబడి, హెల్మెట్లో ఇరుక్కున్న గడ్డి పీక్కుంటున్నాడు. ఆ పరుగు వీడు తెరిచిన సందులోంచే వెళ్ళింది. ఒక్కరూ వాడి పేరెత్తలేదు. రెండో మ్యాచ్‌లో ఒకే ఒక్కసారి వీడి చేయి జారింది. ఎదుటివాడు నేరుగా వెళ్ళి మా క్వార్టర్‌బ్యాక్‌ని నేలకేసి కొట్టాడు. నా వెనకాల కూర్చున్న తండ్రి ఒకాయన "ఎవడా అరవై నాలుగు?" అని అరిచాడు. రెండేళ్ళలో మావాడి నంబరు మైదానంలో వినబడడం అదే మొదటిసారి.

మా ఆయన క్రికెట్ మనిషి. కాలేజీలో వికెట్ కీపరు. ఆ రోజు కారులో, "బై పరుగులు పోయినప్పుడే మా పేరు కూడా తెలిసేది" అన్నాడు. గ్యారేజీలో నవ్విన మనిషీ ఈయనే.

ఒక్క గజం

పోయిన జనవరి 10న ఆర్లింగ్టన్‌లో జరిగిన కాటన్ బౌల్, అదే జాతీయ సెమీఫైనల్, గురించి మా ఇంట్లో ఇప్పటికీ గట్టిగా మాట్లాడుకోం. ఒహాయో స్టేట్ 21, టెక్సస్ 14. ఇంకా నాలుగు నిమిషాలుంది. బంతి మాది, ఎండ్‌జోన్‌కి ఒక గజం దూరంలో ఉంది, నాలుగు ప్రయత్నాలున్నాయి.

మొదటిసారి మధ్యలోంచి పరుగు, అంగుళం కదల్లేదు. రెండోసారి పక్కకి టాస్ వేశారు, ఏడు గజాలు వెనక్కి పోయాం. మూడోసారి పాస్ అందలేదు. నాలుగోసారి వాళ్ళ జాక్ సాయర్ వచ్చి మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోని బంతిని కొట్టి, దాన్ని తనే అందుకుని, 83 గజాలు అటువైపు పరుగెత్తాడు. 28-14. యూవర్స్, సాయర్ ఒకప్పుడు ఒహాయో స్టేట్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళు. అసలే పుండు, దాని మీద కారం అన్నట్టుంది ఆ సంగతి.

మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో అందరిదీ ఒకటే గోల. యూవర్స్ బంతి గట్టిగా పట్టుకోలేదు, యూవర్స్ త్వరగా విసరలేదు, యూవర్స్ బదులు మానింగ్ ఉండుంటే. ఆ యూవర్స్ ఏప్రిల్‌లో, ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కొత్తవాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఏడో రౌండ్ దాకా, 231వ ఎంపిక దాకా కూర్చోవలసొచ్చింది. అతని తప్పు లేదనను. కానీ ఆ నాలుగు ప్రయత్నాల్లో మొదటిదాన్ని మళ్ళీ చూడండి. ఆ గజం క్వార్టర్‌బ్యాక్ సంపాదించవలసింది కాదు. మధ్యలో ఉన్న ముగ్గురు ఎదుటివాళ్ళని ఒక్కడుగు వెనక్కి నెట్టి ఉంటే మిగతా మూడు ప్రయత్నాల మాటే వచ్చేది కాదు.

కోచ్ స్టీవ్ సార్కిసియన్ టాస్ ఎందుకు వేయించాడని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు. నేనూ తిట్టాను, టీవీ ముందు నిలబడి, అచ్చ తెనాలి భాషలో. తర్వాత చల్లబడ్డాక వేరేగా అనిపించింది. మధ్యలోంచి దారి లేదని మొదటి ప్రయత్నంలోనే తేలిపోతే ఏ కోచ్‌కైనా పక్కదారి మీద ఆశ పుడుతుంది. టాస్ తప్పే కావచ్చు. ఆ తప్పుకి తోసింది మాత్రం అంతకుముందు కదలని ఆ అంగుళమే.

ఇక్కడే నా వాదనకి పెద్ద అడ్డు ఉంది. మా తమ్ముడు డాలస్ నుంచి ఫోన్ చేసి మరీ దీన్ని ఎత్తి చూపించాడు. ఆ రోజు ఆడింది పిల్లకాయల లైన్ కాదు. లెఫ్ట్ టాకిల్ కెల్విన్ బ్యాంక్స్ ఆ ఏడాదే అవుట్‌లాండ్, లొంబార్డి రెండు అవార్డులూ గెలిచాడు. డ్రాఫ్ట్‌లో తొమ్మిదో ఎంపికగా న్యూ ఆర్లీన్స్‌కి వెళ్ళాడు. సెంటర్ జేక్ మేజర్స్ ఏళ్ళ తరబడి ఆడినవాడు. "అంత గొప్ప లైనే గజం తేలేకపోతే, లైన్ గురించి నీకెందుకక్కా అంత బెంగ? కొత్తవాళ్ళు ఇంతకంటే ఏం పాడుచేస్తారు?" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. ముందరి అక్టోబర్‌లో ఇదే లైన్ ఉండగా ఆస్టిన్‌లో జార్జియా మన క్వార్టర్‌బ్యాక్‌లని ఏడుసార్లు శాక్ చేసింది, అంటే బంతి విసరకముందే పడగొట్టింది. యూవర్స్‌ని కాసేపు కూర్చోబెట్టి మానింగ్‌ని దింపితే అతనూ కింద పడ్డాడు. ఆ రాత్రి ఇద్దరిలో ఎవరు గొప్పో చెప్పడానికి వీల్లేకపోయింది, ఎవరికీ నిలబడే చోటే లేదు కదా. అనుభవమున్న లైన్‌తోనే ఆ రాత్రి అలా గడిస్తే, ఇప్పుడు ఆ ఐదుగురిలో నలుగురు లేరు. బ్యాంక్స్, హేడెన్ కానర్, మేజర్స్, క్యామ్ విలియమ్స్ వెళ్ళిపోయారు. రైట్ గార్డ్ డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే మిగిలాడు. ఇంత మారిన టీమ్‌ని పట్టుకుని మన లీగ్ ఎస్‌ఈసీ గెలిచేది టెక్ససే అని విలేకరులు ఈ నెల అట్లాంటాలో ఓటేశారు. ఓటేసేటప్పుడు ఎంతమంది ఈ నలుగురి పేర్లు తలుచుకున్నారో.

ఫ్రిస్కో పిల్లలు

ఇంతకీ కొత్త ఐదుగురు ఎవరు? ఎడమ చివర ట్రెవర్ గూస్బీ. పోయినేడు బ్యాంక్స్‌కి దెబ్బ తగిలినప్పుడు ఆ చోట నిలబడ్డాడు కాబట్టి అతని గురించి నాకు బెంగ తక్కువ. మధ్యలో కోల్ హట్సన్. 2022లో మొదటి ఏడాదే గార్డ్‌గా ఆడాడు, ఇప్పుడు బంతి స్నాప్ చేయాలి (వెనక్కి అందించాలి), మిగతా నలుగురికీ ఎదురుగా ఏం జరుగుతోందో అరిచి చెప్పాలి. కుడివైపు క్యాంప్‌బెల్, అతని పక్కన బ్రాండన్ బేకర్. లెఫ్ట్ గార్డ్ చోటుకి నేటో ఉమియోజులు, కానర్ స్ట్రో అనే రెండు పేర్లు ఎక్కువగా వినబడుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ ఇంకా ఒక సీజన్ మొత్తం ఆ చోట ఆడలేదు.

తెలుగువాళ్ళు ఎవరూ గమనించని సంగతొకటి చెప్పనా? హట్సన్, స్ట్రో ఇద్దరిదీ ఫ్రిస్కో. ఉమియోజులు ఆలెన్ వాడు. గూస్బీ ఆ పైనున్న మెలిస్సా వాడు. మనం ఏ ఊళ్ళలో ఇళ్ళు కొనుక్కున్నామో, ఏ రోడ్ల మీద బిర్యానీ సెంటర్లు వెతుక్కుంటున్నామో, ఆ ఊళ్ళ స్కూళ్ళలోంచే ఈ లైన్ సగానికి పైగా వచ్చింది. మా తమ్ముడు పన్నెండేళ్ళుగా ఫ్రిస్కోలో ఉంటున్నాడు. మానింగ్ తాతగారు ఏ కాలేజీలో ఆడారో, ఏ నంబరేసుకున్నారో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. తన ఇంటి పక్క స్కూల్లో చదివిన హట్సన్ పేరు మాత్రం నేను చెప్పేదాకా తెలియదు. ఇది వాణ్ణి దెప్పడానికి అనడం లేదు, నేనూ ఇన్నేళ్ళూ అలాగే ఉన్నాను.

క్యాంప్ వార్తలు చదివే పద్ధతి

రేపు క్యాంప్ మొదలయ్యాక వచ్చే మొదటి వార్త నేనిప్పుడే రాసిపెట్టగలను. "మానింగ్ అదరగొడుతున్నాడు." నిజంగానే అదరగొడతాడు. క్యాంప్‌లో క్వార్టర్‌బ్యాక్ వేరే రంగు జెర్సీ వేసుకుంటాడు, అతన్ని ఎవరూ కొట్టకూడదు. మొదటి రెండు రోజులైతే ఎవరి ఒంటి మీదా హెల్మెట్ తప్ప ప్యాడ్లుండవు. ఎండకి ఒళ్ళు అలవాటు పడాలని పెట్టిన నియమం అది, మంచిదే. కానీ ప్యాడ్లు లేకుండా లైన్‌మెన్‌ని అంచనా వెయ్యడమంటే నీళ్ళు లేని కాలవలో ఈత పోటీ పెట్టడం. చెయ్యి విసరడం, కాళ్ళు కదపడం, నవ్వుతూ కెమెరా వైపు చూడడం మొదటి రోజే కనబడతాయి. అందుకే మొదటి వారమంతా వాటి గురించే చదువుతాం.

ప్యాడ్లు వచ్చాక కూడా తిరకాసే. రోజూ ఆడేది సొంత టీమ్‌తోనే కదా. పోయినేడు మొదటి సంవత్సరంలోనే తొమ్మిది శాక్‌లు చేసిన కాలిన్ సిమ్మన్స్ రోజూ మన టాకిల్స్ మీదికి వస్తాడు. సిమ్మన్స్ గెలిస్తే డిఫెన్స్ అద్భుతమని రాస్తారు. అదే ఆట లైన్ వైపు నుంచి చూస్తే గుండెల్లో రాయి. గూస్బీ గెలిస్తే లైన్ బాగుందని సంతోషించాలా, సిమ్మన్స్ నీరసపడ్డాడని టెన్షన్ పడాలా? రెండిట్లో ఏదో తెలియాలంటే ఆగస్టు 30న కొలంబస్‌లో లక్ష మంది మధ్య ఆడాల్సిందే. ఈసారి మొదటి మ్యాచే ఒహాయో స్టేట్‌తో, వాళ్ళింట్లో.

కాబట్టి నేను క్యాంప్ వార్తల్లో ఒకే ఒక్క విషయం వెతుకుతాను. వరసగా ఎన్ని రోజులు అవే ఐదు పేర్లు ఒకే వరసలో నిలబడ్డాయి? ఎవరు ఎవర్ని ఓడించారన్నది నాకు అంత ముఖ్యం కాదు. గార్డూ టాకిలూ పక్కపక్కన నిలబడి, ఎదుటివాళ్ళు ఇద్దరు చోట్లు మార్చుకుని దూసుకొచ్చినప్పుడు మాట్లాడుకోకుండానే ఒకరి మనిషిని ఇంకొకరికి అప్పగించాలి. మావాడి కోచ్ దీన్ని ఇద్దరు పిల్లల చేతికి ఒక దుప్పటి రెండు కొసలూ ఇచ్చి నేర్పించాడు. ఒకడు ముందుకెళ్ళి ఇంకొకడు వెనకబడితే దుప్పటి జారిపోతుంది. ఆగస్టు రెండో వారం దాటాక కూడా లెఫ్ట్ గార్డ్ దగ్గర పేరు మారుతూనే ఉంటే, గూస్బీకీ హట్సన్‌కీ మధ్య ఆ దుప్పటి ఎవరు పట్టుకుంటారో తెలియకుండానే కొలంబస్ విమానం ఎక్కుతాం.

ఇంకో వైపు నుంచి కూడా చూద్దాం, లేకపోతే మా తమ్ముడు మళ్ళీ ఫోన్ చేస్తాడు. ఒహాయో స్టేట్ కూడా మారిపోయింది. ఆ రాత్రి మనల్ని ఆపిన డిఫెన్సివ్ లైన్ నలుగురూ, సాయర్‌తో సహా, ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళిపోయారు. వాళ్ళ అభిమానులూ ఏదో గ్యారేజీలో ఇదే ప్రశ్న తిరగేసి అడుక్కుంటూ ఉండాలి. అడుగుతున్నారని ఒట్టేయను. అక్కడా అందరూ కొత్త క్వార్టర్‌బ్యాక్ గురించే మాట్లాడుకుంటూ ఉంటారు.

మానింగ్‌ని తక్కువ చేయడం లేదు

అతని మీద నాకు కోపమేమీ లేదు. పోయినేడు 90 పాస్‌లు విసిరాడు, 61 అందాయి, 939 గజాలు, తొమ్మిది టచ్‌డౌన్లు, రెండు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ళకి చిక్కినవి). యూటీఎస్‌ఏ (శాన్ ఆంటోనియో యూనివర్సిటీ) మీద యూవర్స్‌కి దెబ్బ తగిలి ఇతను దిగినప్పుడు నేను స్టేడియంలోనే ఉన్నాను. 67 గజాలు పరుగెత్తి ఎండ్‌జోన్‌లోకి వెళ్తుంటే నా గొంతు పోయింది. చేతిలో ఉన్న నాచోస్ ముందు వరస వాళ్ళ మీద పడ్డాయి, వాళ్ళూ పట్టించుకోలేదు.

నా వాదనలో నాకే నమ్మకం తక్కువగా ఉన్న చోటు ఇదే. యూవర్స్‌కి లేనిది ఇతనికి కాళ్ళ వేగం. ముందున్న గోడ బీటలు వారినా సందులోంచి జారిపోగలడు. అలా చూస్తే కొత్త లైన్‌కి ఇంతకంటే మంచి క్వార్టర్‌బ్యాక్ దొరకడు. లైన్ చేసే సగం తప్పులు ఇతని కాళ్ళు కప్పేస్తాయేమో. అప్పుడు గ్యారేజీలో ఏడుగురూ అడిగిందే సరైన ప్రశ్న, నేనడిగింది ఒక తల్లి ప్రశ్న.

కానీ ఇతను మొదటి నుంచి ఆడింది రెండే ఆటలు, లూయిజియానా-మన్రో మీద, మిసిసిపి స్టేట్ మీద. ఈ ఏడాది వెళ్ళాల్సిన కొలంబస్, గేన్స్‌విల్, ఏథెన్స్ స్టేడియాల్లో ఇంకా ఒక్క ఆటా ఆడలేదు. పైగా పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ ఒంటికి ఎక్కువ దెబ్బలు తగులుతాయి. అతని వెనకున్న వాళ్ళలో టెక్సస్ తరఫున ఒక్క ఆటైనా స్టార్టర్‌గా దిగినవాడు లేడు. కాళ్ళున్నాయి కదా అని లైన్ సంగతి వదిలేస్తే అక్టోబర్‌కల్లా ఆ కాళ్ళే కుంటుతాయి. 2010 జనవరిలో అలబామాతో ఫైనల్ మొదలైన కాసేపటికే అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ భుజం పట్టుకుని లోపలికి వెళ్ళిపోవడం చూసినవాళ్ళం మనం. ఆ రోజు 37-21తో ఓడిపోయాం.

మిగతా ప్రశ్నలు గబగబా. డిఫెన్స్ మధ్యలో ఆల్‌ఫ్రెడ్ కాలిన్స్, వెర్నన్ బ్రాటన్ లేరు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) నుంచి కొందరిని తెచ్చారు. వాళ్ళలో హీరో కాను ఒహాయో స్టేట్ నుంచే వచ్చాడు, పేరు మాత్రం మన సినిమావాళ్ళు పెట్టినట్టుంది. కికర్ మేసన్ షిప్లీ శాన్ మార్కోస్‌లోని టెక్సస్ స్టేట్ నుంచి వచ్చాడు. అరిజోనా స్టేట్‌తో చివరి నిమిషాల్లో తన్నిన ఫీల్డ్ గోల్ తప్పి, రెండు ఓవర్‌టైములు ఆడాక బతికిపోయాం కాబట్టి ఎనిమిదో ఆయన ప్రశ్న చిన్నదేమీ కాదు. డబ్బు సంగతి ఇంకో పోస్టుకి సరిపోతుంది. జూన్‌లో జడ్జి ఒప్పుకున్న కొత్త ఏర్పాటులో కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చు, బదులుగా ఫుట్‌బాల్ టీమ్‌లో 105 మందే ఉండాలి. అంటే స్కాలర్‌షిప్ లేకుండా చేరే వాక్-ఆన్లకి చోటు కుంచించుకుపోతుంది. మన సేఫ్టీ (డిఫెన్స్‌లో వెనక కాపలా) మైకల్ టాఫ్ ఇక్కడి వెస్ట్‌లేక్ స్కూల్ నుంచి వాక్-ఆన్‌గా వచ్చి స్టార్టర్ అయ్యాడు. ఇక ముందు అలాంటివాడు వస్తే గుమ్మంలోంచే పంపించేస్తారేమో. క్యాంప్ ముందు దీన్ని గురించి ఒక్కరూ అడగకపోవడం నాకు లెఫ్ట్ గార్డ్ కంటే ఎక్కువ బాధ.

నిన్న సాయంత్రం మావాడికి కొత్త క్లీట్లు కొనడానికి వెళ్ళాం. పాదం పోయినేటికీ ఇప్పటికీ రెండు సైజులు పెరిగింది. వాళ్ళ స్కూల్ క్యాంప్ కూడా ఆగస్టు మొదటి వారంలోనే. లేసులు కట్టుకుంటుంటే అడిగాను.

"ఒరేయ్, ఈసారి నువ్వు లెఫ్టా, రైటా?"

"కోచ్ ఇంకా చెప్పలేదమ్మా."

"క్వార్టర్‌బ్యాక్ ఎవరో?"

"అది జూన్‌లోనే చెప్పేశారు."